విమానముల జాడ తెలుపు యంత్రములు

ఓరుగల్లునకు చేరువనున్న మామునూరు విమానాశ్రయమును పునరుద్ధరించుటకు కేంద్ర పౌరవిమానయాన శాఖవారు 28 ఫిబ్రవరి 2025న అనుమతి నొసంగిరి. నిజాము పరిపాలనమున 1930 ప్రాంతమున నిర్మింపబడి, 1980 దశకపు ఆరంభమునుండి ప్రయాణికుల విమానములకు దూరమైన యా మైదానమునకు మరల మంచిరోజులు వచ్చుట తెలంగాణమునకు శుభసూచకమే. అదనముగా కావలసిన 253 ఎకరముల భూమిని గూర్చియు, దానికై రాష్ట్ర ప్రభుత్వమువారు 2024 నవంబరులో మంజూరుచేసిన 205 కోట్ల రూపాయలను గూర్చియు, భూములు గోల్పోవు రైతుల పరిహారమును గూర్చియు చర్చ జరిగినది, జరుగవలసినదే. కాని నేలను గూర్చి యింతగా తర్కించిన మనము నింగిని గూర్చి యొక్క మాటయైన ననుకొనలేదు. మామునూరునకు నైరృతి దిశను జనగామ, ఆగ్నేయమున మహబూబాబాదు, ఈశాన్యమున భూపాలపల్లి కలవు. ఆకాశమార్గమున కొలిచినచో ఈ మూడు పట్టణములును అచ్చటినుండి 50 మొదలు 65 కిలోమీటర్లలోపుననే యున్నవి. ఇంతవరకు పక్షులకును మేఘములకును మాత్రమే పరిచితమైన ఈ మూడు జిల్లాల దిగువ ఆకాశమున ఇకమీదట ఎవరెవరు తిరుగుదురు, వారు ఒకరికొకరు కనబడు టెట్లు అను ప్రశ్న మన ముందున్నది.

పెద్ద కంపెనీల విమానములకు ఈ చిక్కు లేదు. వానియందు వలసిన యంత్రములన్నియు నుండును. నేలపైనున్న అధికారులు వానిని నిమిషనిమిషమును గనిపెట్టుచుందురు. చిక్కెల్ల చిన్నవారితోనే. స్వంత విమానము గలవారు, శిక్షణ విమానములు, అద్దె హెలికాప్టరులు ఎక్కువగా తక్కువ యెత్తున, కంటిచూపు నాధారముగా గొని సంచరించుచుండును. ఇట్టివారందఱును తమ యునికిని ఎడతెగక చాటు యంత్రమును స్వంత ఖర్చుతో అమర్చుకొనవలయునని శాసించుట న్యాయమా, అనవసరమా? అమెరికాలో పెద్ద విమానాశ్రయముల చుట్టును గల గగనభాగములందును, పదివేల అడుగుల పైయెత్తులందును 1 జనవరి 2020 నుండి ఇట్టి నిర్బంధము అమలునందున్నది. మన దేశమున 1934 నాటి ఆంగ్లేయుల విమానశాసనము తొలగి, దాని స్థానమున భారతీయ వాయుయాన అధినియమము 1 జనవరి 2025 నుండి అమలులోనికి వచ్చినది. క్రొత్త చట్టము క్రింద క్రొత్త నియమములు రూపొందు కాలమిది. కావున ఈ విషయమును మనవారు ముందుగనే తర్కించుట మంచిది.

మా యభిప్రాయమును మొదటనే చెప్పుదుము. యంత్రము అవసరమే. కాని చెప్పువానిపై నిర్బంధము పెట్టుటకు ముందు, వినవలసిన ప్రభుత్వము తన చెవిని సిద్ధపఱచుకొనవలెను. అది లేని నిర్బంధము రక్షణము కాదు, పన్ను.

యంత్రము చేయు పని యెట్టిదో కొంచెము వివరింపవలెను. రాడారు నేలనుండి కిరణములను బంపి, అవి విమానమును దాకి మరలివచ్చుటనుబట్టి జాడ కనుగొనును. ఏడీఎస్–బీ యను క్రొత్త పద్ధతి దీనికి భిన్నము. విమానమే ఉపగ్రహముల సాయమున తానున్న చోటును దెలిసికొని, తన యెత్తు, వేగము, దిక్కు, గుర్తుసంఖ్య అనువానితోగూడ సెకనునకు ఒకటి రెండుమారులు రేడియో తరంగములపై నలుదెసలకు చాటును. రాడారు వెదకి కనుగొనును. ఇది అడుగకయే చెప్పును. నేలపైనున్న కేంద్రములేగాక, సమీపముననున్న ఇతర విమానములును తగిన పరికరమున్నచో దీనిని వినగలవు. రాడారుకంటె దీని కేంద్రమునకు వ్యయమును చాల తక్కువ.

దీనివలని లాభము ఊహామాత్రము కాదు. 12 నవంబరు 1996న హర్యానాలోని చర్ఖీదాద్రీ పైని ఆకాశమున సౌదీ విమానమును కజకస్థాన్ విమానమును ఢీకొని 349 మంది మరణించిరి. గాలిలో విమానములు ఢీకొనుటచే జరిగిన ఘోరములలో నంతకు మించినది నేటికిని లేదు. కజకస్థాన్ విమానము తనకు నిర్ణయించిన యెత్తును విడిచి దిగినది. ఎదుట విమానమున్నదని హెచ్చరించు యంత్రము దానియందు లేదు. ఇంకొక సంగతియు గలదు. నాటి ఢిల్లీ రాడారు విమానము ఎచ్చట నున్నదో చూపగలదేగాని, ఎంత యెత్తున నున్నదో చూపజాలనిది. అనగా లోపము విమానమునందును గలదు, నేలపైనను గలదు. ఆ పిదపనే మనదేశమున ఢీకొనుటను నివారించు యంత్రములు పెద్ద విమానములకు తప్పనిసరి చేయబడినవి. రాకపోకలకు వేఱువేఱు మార్గము లేర్పడినవి. 349 ప్రాణములు పోయినపిమ్మట కన్ను తెఱచితిమి. ఈ మాఱు ముందుగా తెఱచుట యుక్తము.

రెండవ లాభము వెదకుటయందు గలదు. 2 సెప్టెంబరు 2009న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి శ్రీ వై. యస్. రాజశేఖరరెడ్డిగారు బేగంపేటనుండి బయలుదేఱిన హెలికాప్టరు నల్లమలపై జాడ తప్పినది. వాయుసేన, అర్ధసైనిక దళములు, పోలీసులు, అడవి నెఱిగిన గిరిజనులు పగలనక రాత్రియనక వెదకిరి. మఱునాటి యుదయమునగాని పావురాలగుట్టపై శకలములు కనబడలేదు. 2011లో అరుణాచలప్రదేశ్ ముఖ్యమంత్రి శ్రీ దోర్జీ ఖండూగారి హెలికాప్టరు ఏప్రిల్ 30న అదృశ్యమై, అయిదవనాడు గాని దొరకలేదు. ముఖ్యమంత్రులకై రాజ్యయంత్రాంగమంతయు కదలినను ఇంత కాలము పట్టినది. ఒంటరిగా నెగిరిన విద్యార్థి భూపాలపల్లికి ఉత్తరముననున్న గోదావరీతీరపు టడవిలో బడినచో వానిని వెదకువా రెందఱు? కడసారి సంకేతము వినవచ్చిన స్థలము తెలిసినచో, వెదకవలసిన ప్రదేశము నూర్లకొలది చదరపు మైళ్లనుండి కొలదిపాటి అడవికి తగ్గును. గాయపడినవానికి ఆ తేడాయే ప్రాణము.

అయినను ఈ యంత్రము సర్వరోగ నివారిణి యని చెప్పుట సత్యము కాదు. 6 అక్టోబరు 2019న వికారాబాదు జిల్లాలో శిక్షణ విమానము పొలములో గూలి ఇద్దఱు విద్యార్థులు మరణించిరి. 26 ఫిబ్రవరి 2022న నల్లగొండ జిల్లా పెద్దవూర మండలమున మఱియొక శిక్షణ విమానము గూలి ఒక విద్యార్థిని మరణించెను. ఇవి మఱియొక విమానమును ఢీకొని జరిగినవి కావు. వాతావరణము, యంత్రస్థితి, అనుభవలోపము, శిక్షణాలోపము అనువానికి జాడ తెలుపు యంత్రము మందు కాజాలదు. ఒక పెట్టెను బిగించి, రక్షణకార్యము ముగిసినదని అధికారులు చేతులు దులుపుకొందురేమో యను భయము మాకు లేకపోలేదు. లాభనష్టముల లెక్క వేయునపుడు, ఈ యంత్రము ఖాతాలో రెండే పద్దులు వ్రాయవలెను: ఢీకొనుటను తప్పించుట, పడినవానిని త్వరగా కనుగొనుట.

మన మూడు జిల్లాలలో నీ రెండింటి యవసరమును గలదా యని ప్రశ్నింపవచ్చును. 27 జూలై 2023న మోరంచవాగు పొంగి భూపాలపల్లి మండలపు మోరంచపల్లి నీటమునిగినది. జనులు ఇండ్లకప్పులపై నెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. ఆ దినముననే చిట్యాల మండలపు నైన్‌పాక వద్ద వఱద నడుమ జేసీబీ యంత్రముపై చిక్కుకొన్న ఆఱుగురిని వాయుసేన హెలికాప్టరు రక్షించినది. 2024 సెప్టెంబరు మొదటి దినమున ఆకేరు పొంగి మహబూబాబాదు జిల్లాలో జనులు కొట్టుకొనిపోయిరి; కేసముద్రము వద్ద రైలుకట్ట క్రింది మట్టి కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడినవి. ఇట్టి దినములలో మబ్బులు క్రిందికి దిగియుండును, చూపు ఆనదు, రక్షణకు వచ్చు హెలికాప్టరు కొన్ని వందల అడుగుల యెత్తుననే తిరుగవలెను. ఆ సమయముననే దృశ్యములను జిత్రించుటకై డ్రోనులను ఎగురవేయువారు బయలుదేఱుదురు. మామునూరు తెఱవబడినపిమ్మట స్వంత విమానములును వచ్చును. ఆకాశము ఖాళీగా నున్నది గనుక నియమ మేల యనువారు వానకాలపు ఆకాశమును దలచుకొనలేదు. అంతియకాక, విమానములు కొలదిగా నున్నప్పుడు నియమము పెట్టుట సుకరము. వందలయినపిమ్మట ప్రతిదానిని విప్పి బిగించుట దుష్కరము.

ఇక వ్యయము. విమానముపై బిగించు ప్రతి వస్తువును ఆమోదము పొందినదై యుండవలెను. లైసెన్సుగల ఇంజనీరే దానిని బిగింపవలెను. ఆ దినములందు విమానము ఎగురదు. ఈ భార మెవరిపై నెట్లు పడునో చిన్న లెక్కవలన దెలియును. యంత్రమునకును బిగింపునకును కలిపి నాలుగు లక్షల రూపాయలగునని ఊహింతము, పదియేండ్లు పనిచేయుననుకొందము. ఏటికి 500 గంటలెగురు శిక్షణ విమానమునకు గంటకు 80 రూపాయలు పడును. వాణిజ్య పైలటు లైసెన్సునకు కావలసిన 200 గంటలు అదే విమానముపై నెగిరిన విద్యార్థికి 16,000 రూపాయల అదనపు భారము. ఏటికి 50 గంటలే యెగురు స్వంత విమానమునకు గంటకు 800 రూపాయలు. కావున తక్కువ యెగురువానికి ఎక్కువ భారము. శిక్షణశాల తన వ్యయమును తాను భరించునని భ్రమపడరాదు. అది విద్యార్థి రుసుములోనే చేరును. పొలము తాకట్టుపెట్టి కుమార్తెను విమానశిక్షణకు బంపిన జనగామ రైతుకు పదునాఱువేలును లెక్కలోనివే.

ఇతర దేశములవారు ఈ సంగతిని గ్రహించిరి. అమెరికా ప్రభుత్వము 2016లో చిన్న విమానముల యజమానులకు 500 డాలర్ల వాపసు ప్రకటించినది. బ్రిటను 2020లో సగము వెలను, 250 పౌన్లకు మించకుండ, తాను భరించినది. ఆస్ట్రేలియా 2022నుండి సగము వెలను, 5,000 డాలర్లవఱకు, ఇచ్చుటకు పూనుకొన్నది. ధనవంతమైన దేశములే తమ పౌరులకు చేయూత నిచ్చినప్పుడు, మనదేశమున మొత్తము భారమును వ్యక్తులపై నెట్టుటకు హేతువు కనబడదు. ఎదుటివాని ప్రాణమును గూడ కాపాడు వస్తువు కేవలము కొనినవాని యాస్తి కాదు. అది ప్రజారక్షణ సాధనము.

అన్నింటికంటె ముఖ్యమైనది వినుట. ఈ సంకేతము సరళరేఖలో పోవును. భూమి వంపు దానికి అడ్డు. శంషాబాదునందు వంద అడుగుల స్తంభముపై సంకేతగ్రాహక మున్నదనుకొందము. లెక్కించి చూచినచో, కొండలు గుట్టలు లేవనుకొన్నను, జనగామ పైని విమానము సుమారు 1,000 అడుగుల కెగసినగాని దాని సంకేతము శంషాబాదునకు వినబడదు. మహబూబాబాదు పైన 4,000 అడుగులు, భూపాలపల్లి పైన 6,000 అడుగులు ఎగయవలెను. వఱదలో జనులను రక్షించు హెలికాప్టరు గాని, దారితప్పి దిగుటకు చోటు వెదకు విద్యార్థి గాని అంత యెత్తున నుండరు. అనగా ఎవరికి రక్షణ మెక్కువ యవసరమో వారి సంకేతమే నేలపై నెవరికిని వినరాదు. అదే స్తంభమును మామునూరునందు నాటినచో, సమతలమున జనగామ, మహబూబాబాదుల పైన 200 అడుగులును, భూపాలపల్లి పైన 300 అడుగులును దాటిన ప్రతి విమానమును వినబడును. గుట్టలచాటు స్థలములకు ఒకటి రెండు చిన్న గ్రాహకములు చాలును. నిర్బంధమునకును రక్షణమునకును మధ్యగల దూరము ఈ యొక్క స్తంభమే.

వినువారు లేని సంకేతము చెవిటివాని ముందు శంఖమూదినట్లే యనుటకు దృష్టాంతములు వెదకనక్కఱలేదు. విమానము గూలినప్పుడు మొఱపెట్టు పాత యంత్రములు 121.5 మెగాహెర్ట్‌జుల తరంగముపై పలుకుచుండెడివి. 1 ఫిబ్రవరి 2009 నుండి ఉపగ్రహములు ఆ తరంగమును వినుట మానివేసినవి. 406 మెగాహెర్ట్‌జులను మాత్రమే వినుచున్నవి. పాత యంత్రమునే నమ్ముకొన్నవాని మొఱ ఆ దినమునుండి ఆకాశమున కలిసిపోయినది. రోడ్లపైని అనుభవమును ఇట్టిదే. క్రొత్తగా వచ్చు ప్రయాణికుల వాహనములకు 1 జనవరి 2019 నుండి జాడ తెలుపు యంత్రమును ఆపద బొత్తామును తప్పనిసరి చేసిరి. వాహన యజమానులు వెల చెల్లించిరి. కాని ఆ సంకేతముల నందుకొనవలసిన కేంద్రముల నిర్మాణము పలు రాష్ట్రములలో వెనుకబడినది. పౌరుడు గడువు దాటిన జరిమానా. ప్రభుత్వము గడువు దాటిన పొడిగింపు! మన ఇస్రోయు విమానాశ్రయ ప్రాధికార సంస్థయు గలిసి నిర్మించిన గగన్ పద్ధతి దేశమునకు గర్వకారణము. 2016 నాటి విమానయాన విధానము, 2019 జనవరినుండి నమోదగు ప్రతి విమానమునందును గగన్ సాధన ముండవలెనని చెప్పినది. ఆ గడువు మాటిమాటికి జరిగి 2021 జూలైకి చేరినది. స్వదేశీ ఉపగ్రహమును నింగిలో నిలిపినచో చాలదు. దానిని వినియోగించు పరికరమును స్వదేశముననే, సామాన్యునకు అందుబాటు వెలకు తయారుచేయింపవలెను. లేనిచో ప్రతి నిర్బంధమును విదేశీ వర్తకునకు మనము వ్రాసియిచ్చు హుండీయే యగును.

ఇంకొక భయము గలదు. ఈ సంకేతము బహిరంగము. కొలదిపాటి వెలగల గ్రాహకముతో నెవరైనను ఎవరి విమానము ఎక్కడికి పోయినదో తెలిసికొనవచ్చును. అమెరికాలో కొన్ని విమానాశ్రయములవారు ఈ సంకేతముల నాధారముగా గొని దిగినందుకు రుసుములు వసూలుచేయ నారంభింపగా, రక్షణకని పెట్టించిన యంత్రము బిల్లులకు సాధనమాయెనని చిన్న విమానములవారు మొఱపెట్టుకొనిరి. అట్టి వసూళ్లను నిషేధింపగోరు బిల్లు 2025లో అచ్చటి కాంగ్రెసున ప్రవేశపెట్టబడినది. ఆంతరంగికత ప్రాథమిక హక్కని మన సుప్రీముకోర్టు 24 ఆగస్టు 2017న తీర్పు చెప్పియున్నది. కావున ఈ సమాచారము రక్షణమునకును, వెదకుటకును, ప్రమాద విచారణకును దప్ప, పన్నులకుగాని రాజకీయ ప్రత్యర్థుల రాకపోకలపై నిఘాకుగాని వాడరాదని నియమములోనే వ్రాయవలెను. రుసుమునకు భయపడి యంత్రము నార్పివేయువా డొక్కడున్నను రక్షణవలయ మంతయు తెగిపోవును.

నియమము పౌరునకు మాత్రమేయై, ప్రభుత్వమునకు మినహాయింపైనను ఫలితము శూన్యమే. 29 జనవరి 2025న అమెరికా రాజధానియైన వాషింగ్టను చెంత పొటామక్ నదిపై సైనిక హెలికాప్టరును ప్రయాణికుల విమానమును ఢీకొని 67 మంది మరణించిరి. ఆ హెలికాప్టరు ఏడీఎస్–బీ సంకేతమును వెలువరించుట లేదు. చిన్న పౌరుల విమానములపై అయిదేండ్లుగా నిర్బంధమున్న దేశముననే, రాజ్యమునకు చెందిన వాహనము మౌనముగా నుండినది. యుద్ధకార్యమునకు రహస్యము కావలెను, కాదనువారు లేరు. కాని వఱద రక్షణమునకును, మంత్రుల పర్యటనములకును రహస్య మేల?

డ్రోనుల విషయమునను ఈ న్యాయమే వర్తించును. 25 ఆగస్టు 2021 నాటి డ్రోను నియమములు, జాడ తెలుపు సాధనమును మున్ముందు తప్పనిసరి చేయవచ్చుననియు, అట్లు చేయునప్పుడు కనీసము ఆఱు నెలల వ్యవధి నీయవలెననియు చెప్పుచున్నవి. 2023 నవంబరులో ఆమోదింపబడిన నమో డ్రోన్ దీదీ పథకమున 15,000 మహిళాసంఘములకు డ్రోను వెలలో నూటికి ఎనుబది వంతులు, ఎనిమిది లక్షలవఱకు, సర్కారు సాయము నిర్ణయింపబడినది. వరిచేలపైనను మిరపతోటలపైనను మందు చల్లి జీవించు స్త్రీపై రేపు జాడసాధనపు వెలను వేఱుగా మోపుట, ఒకచేత నిచ్చి మఱియొకచేత గైకొనుటయే యగును. ఆ వెల మొదటి సాయములోనే చేరవలెను. మామునూరు పనిచేయ నారంభించినపిమ్మట చుట్టును 12 కిలోమీటర్ల లోపల డ్రోనుల యెత్తునకు కట్టుబాట్లు వచ్చును. ఆ పల్లెలవారికి ఈ సంగతి తెలుగులో, పంచాయతీ కార్యాలయమున, ముందుగా తెలుపవలెను. తెలియని నియమమునకు శిక్ష విధించుట పరప్రభుత్వపు పద్ధతి.

కావున మేము కోరునది స్వల్పము, స్పష్టము. మొదట మామునూరునందు సంకేతగ్రాహకమును నెలకొల్పి, మూడు జిల్లాల దిగువ ఆకాశమున అది యెంతవఱకు వినగలదో పరీక్షించి ఫలితమును ప్రకటింపవలెను. పిదప శిక్షణ విమానములకును, హెలికాప్టరులకును, ఆపైన స్వంత విమానములకును క్రమముగా నిర్బంధము విధింపవలెను. తక్కువ యెగురువారికి సగము వెలయైన నీయవలెను. వఱద రక్షణమున బాల్గొను ప్రభుత్వ విమానములకును అదే నియమము వర్తింపవలెను. సమాచారమును రక్షణమునకు దప్ప మఱి దేనికిని వాడరాదు. కేంద్రమున 2024 జూనులో ఈ శాఖను జేపట్టినవారు శ్రీకాకుళపు బిడ్డయైన శ్రీ కింజరాపు రామమోహన నాయుడుగారు. తుపానులును వఱదలును ఎఱిగిన సీమనుండి వచ్చినవారికి ఈ యవసరమును వివరింప బనిలేదు.

స్వతంత్ర దేశమున ప్రభుత్వము పౌరుని “నీ వెక్కడ నున్నావు?” అని అడుగవచ్చును. కాని అడిగినపిమ్మట వానికి ఆపద వచ్చిన క్షణమున “నీ వెక్కడ నున్నావో నే నెఱుగుదును, వచ్చుచున్నాను” అని చెప్పగలుగవలెను. రెండవ మాట చెప్పజాలని ప్రభుత్వమునకు మొదటి మాట యడుగు నధికారము లేదు. మామునూరు మైదానమున తొలి విమానము దిగుటకు ముందే ఆ రెండవ మాటకు వలసిన స్తంభము నిలుచునుగాక.